ఇంకొక్క వీధి

శాసనసభలో మా పెద్దమ్మ కుర్చీ బాబాయి కుర్చీకి సరిగ్గా వెనక ఉండేది. ఆ ఏర్పాటు బాబాయే పట్టుబట్టి చేయించాడు. పెద్దమ్మ కొత్తగా ఎమ్మెల్యే అయినప్పుడు ఆయన ఆమెకు నేర్పిన పాఠం కూడా అదొక్కటే.

"నా వీపు చూస్తూ కూర్చో వదినా. నేను లేస్తే లే, నేను కూర్చుంటే కూర్చో. మిగతాదంతా నేను చూసుకుంటాను."

పెద్దమ్మ సరేనని తలూపింది. అప్పటినుంచి ఆయన లేచినప్పుడల్లా లేచింది, కూర్చున్నప్పుడల్లా కూర్చుంది. పైన సందర్శకుల వరుసలోంచి చూస్తుంటే ఇద్దరినీ ఒకే తాడుతో కట్టినట్టు కనిపించేది నాకు.

నేను పెద్దమ్మ చెల్లెలి కూతుర్ని. ఊళ్ళో బడి చదువు పూర్తయి ఇంట్లో ఊరికే ఉంటే, కాగితాలు చదివిపెట్టడానికి, ఫోన్లు ఎత్తడానికి తన దగ్గరికి తెచ్చుకుంది. అక్కచెల్లెళ్ళ పిల్లలు చాలామంది ఉండగా నన్నే ఎందుకు తెచ్చుకున్నావని అడిగితే, నీకు నోరు తక్కువ, కళ్ళు ఎక్కువ అంది.

బాబాయి అంటే పెదనాన్నకు తమ్ముడు, పెద్దమ్మకు మరిది. పెదనాన్న పోయాకే పెద్దమ్మ రాజకీయాల్లోకి వచ్చింది. అంతకుముందు ఆ సీటు పెదనాన్నదే.

పెదనాన్న మొదట్లో ఎరువుల కొట్టు నడిపేవాడు. కొట్లో గల్లాపెట్టె ఎదురుగా ఒక చెక్క కుర్చీ ఉండేది. ఎవరు వచ్చినా, ఏ గొడవతో వచ్చినా, ఆయన నోట వచ్చే మొదటి మాట "ముందు కూర్చో, తర్వాత చెప్పు" అనే. ఎమ్మెల్యే అయ్యాక కూడా ఆ కొట్లోనే కూర్చునేవాడు. ఎమ్మెల్యేల ముందు నిలబడి మాట్లాడే అలవాటున్న జనం ఈయన దగ్గరకొచ్చాక కూర్చోవడం నేర్చుకున్నారు. వరసగా గెలుస్తూ వచ్చాడు. సభలో పెద్ద ఉపన్యాసాలేం చెయ్యలేదు. ఆయన అడిగిన ప్రశ్నలన్నీ కాలవ గట్లు, బస్సు వేళలు, ఆస్పత్రిలో మందుల గురించే. మంత్రి పదవి ఇస్తామంటే, మంత్రి అయితే కొట్లో ఎవరు కూర్చుంటారని నవ్వాడట.

బాబాయి అలా కాదు. అన్నయ్య వెంట తిరిగీ తిరిగీ, ఎన్నికలు ఎలా నడపాలో వంటబట్టించుకున్నాడు. మాటకారి. పక్కవాడి పొట్ట చెక్కలయ్యేలా నవ్వించగలడు, అవసరమైతే అప్పటికప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకోగలడు. పక్క నియోజకవర్గం టికెట్టు కావాలని ఏళ్ళ తరబడి తిరిగాడు. చివరికి పార్టీ ఇచ్చింది, కానీ అన్నయ్య ముఖం చూసి ఇచ్చింది. అన్నయ్య పోటీలో ఉండాలి, తమ్ముడి కోసం వీధుల్లో తిరగాలి, అదీ షరతు. సరిగ్గా ఆ ఎన్నికలప్పుడే పెదనాన్న గుండె చెడిపోయింది. మంచం దిగొద్దని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి బయటికి పొక్కితే టికెట్టు చేజారుతుందని బాబాయికి తెలుసు.

పెదనాన్న సొంత నియోజకవర్గంలో తిరగాల్సిన పనే లేదు, ఇంట్లో పడుకున్నా గెలిచేవాడే. బాబాయి ఆయన్ని తిప్పింది తన నియోజకవర్గంలో. పైకప్పు తీసేసిన ప్రచార బండిలో నిలబెట్టి, వెనక నుంచి మోచెయ్యి కింద చెయ్యి వేసి పట్టుకునేవాడు. కింద జనానికి పెద్దసారు చెయ్యి ఊపుతున్నట్టు కనిపించేది. నిజానికి ఆ చేతిని ఊపింది తమ్ముడు. మందులు, నీళ్ళు పట్టుకుని పెద్దమ్మ ఆ బండిలోనే, ఎవరికీ కనపడకుండా, వాళ్ళ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని ఉండేది. పైన నవ్వుతున్న ముఖం ఆమెకు కనపడేది కాదు. వణుకుతున్న మోకాళ్ళు కనపడేవి.

"కాసేపు కూర్చుంటాన్రా, అన్నారు. కూర్చోనివ్వలేదు." పెద్దమ్మ ఆ రోజు గురించి నాకు చెప్పింది అంతే.

అన్నదమ్ములిద్దరూ గెలిచారు. గెలుపు కాగితం అందుకున్న వారంలోపే పెదనాన్న పోయాడు. బాబాయి వీధిలో పడి ఏడ్చాడు. అది నటన కాదని పెద్దమ్మే అంటుంది. అన్నయ్య అంటే అతనికి ప్రాణమే, కాకపోతే టికెట్టు అంటే ఇంకాస్త ఎక్కువ ప్రాణం, అంటుంది.

ఖాళీ అయిన సీటుకు పెద్దమ్మను నిలబెట్టాలని కూడా బాబాయే అన్నాడు. మొగుడు పోయిన ఆడమనిషిని చూస్తే జనం కరిగిపోతారని లెక్క. అదే బండి, అదే చోటు. ఈసారి ఆయన చెయ్యి పెద్దమ్మ మోచెయ్యి కిందికి వచ్చింది. ఆ చెయ్యి తగిలినప్పుడే తన పగ ఏమిటో తనకు తెలిసిందని ఆమె తర్వాత చెప్పింది. అప్పటిదాకా ఉన్నది ఏడుపేనట.

అది విన్నప్పుడు నేను కొత్తదాన్ని. ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఆగి, పేపరువాళ్ళకి చెప్పెయ్యొచ్చు కదా పెద్దమ్మా అన్నాను.

"చెబితే ఏమవుతుందే? ఒక పూట రాస్తారు. రెండో పూట అతను ఏడుస్తాడు, మూడో పూట నాకు మతి చెడిందంటారు. నేలమీద నిలబడ్డవాణ్ణి తోస్తే ఏం తగులుతుంది, బట్టలకి దుమ్ము అంటుతుంది. ఎక్కనీ. ఇంకా పైకి ఎక్కాలి."

ఎక్కడానికి తనే సాయం చేసింది. మంత్రి పదవికి ఆయన పేరు పైకి వచ్చినప్పుడు, పార్టీ పెద్దల దగ్గరికి వెళ్ళి మా మరిదిని మించిన సమర్థుడు లేడని చెప్పింది. ఆయన పుట్టినరోజుకు అందరికంటే ముందు ఫోన్ చేసేది. ఆయన వేసే జోకులకు నవ్వేది. మధ్యాహ్నాలు మాత్రం తలుపు దగ్గరికి వేయించి, సభ నియమాల పుస్తకం నాచేత చదివించుకునేది. అర్థం కాని చోట ఆపి, మళ్ళీ చదవమనేది. ఓటింగు ఎలా జరుగుతుందో చెప్పే పేజీ ఎన్నిసార్లు చదివానో, ఇప్పటికీ చూడకుండా చెప్పగలను. ముందు నోటిమాటతో అడుగుతారు. తేడా వస్తే బలపరిచేవాళ్ళను నిలబడమని, వరుసవారీగా తలలు లెక్కపెడతారు. తర్వాత వ్యతిరేకించేవాళ్ళను. రెండు వైపులా సమానమైతే సభాపతి తన ఓటు వేసి తేలుస్తాడు.

"కూర్చునే ఉన్నవాళ్ళని?" అని అడిగింది ఒకరోజు.

ఎటూ లెక్కపెట్టరు పెద్దమ్మా అన్నాను. బావుంది, అంది.

సభలో ఆమెను అందరూ నోట్లో నాలుక లేని మనిషి అనుకునేవారు. అవతలి పక్షంలో ఒక ముసలి లాయరు ఉండేవాడు, అందరినీ ఆటపట్టించే రకం. ఒకసారి విరామంలో టీ తాగుతూ, అమ్మగారూ, మీ మరిదిగారు సభలో కునుకు తీస్తే మీరేం చేస్తారు అని అడిగాడు. నేను కూడా కళ్ళు మూసుకుంటానండి, అంది పెద్దమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది బాబాయి. మా వదినలాంటి మనుషులు నలుగురుంటే చాలు, నేను ఈ రాష్ట్రాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతాను అన్నాడు. పెద్దమ్మ కూడా నవ్వింది. తర్వాత చాలాసేపు టీ కప్పును రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది, తాగలేదు.

ఆయన ఎక్కుతూనే ఉన్నాడు. ముఖ్యమంత్రి జబ్బుచేసి తప్పుకుంటే, పార్టీలో అందరినీ లొంగదీసుకుని ఆ కుర్చీ తనకే తెచ్చుకున్నాడు. అది నచ్చక, పార్టీకి బయటినుంచి మద్దతిస్తున్న కొందరు అలిగి అవతలికి వెళ్ళిపోయారు. ఆయన ప్రమాణం చేసేసరికి సభలో రెండు వైపులా తలలు సమానమయ్యాయి. సభాపతి తన మనిషే కాబట్టి సమానమైనా బాబాయిదే గెలుపు. కానీ తన వైపు ఒక్కరు తగ్గినా అంతే సంగతులు. బలం నిరూపించుకోమని గడువు పెట్టారు.

తన వైపు వాళ్ళందరినీ బాబాయి ఊరి చివర ఒక హోటల్లో పెట్టాడు. ఫోన్లు తీసేసుకున్నారు. మెట్ల దగ్గర కాపలా. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడటానికి మనుషులు. పెద్దమ్మను మాత్రం ఇంట్లోనే ఉండమన్నాడు. వదినను అనుమానిస్తే నన్ను నేను అనుమానించుకున్నట్టే అని అందరి ముందూ అన్నాడట. ఆ మాట మాకు చెప్పడానికి ఒక మనిషిని కూడా పంపాడు. గెలిచాక మంత్రి పదవి కూడా ఇస్తానని కబురు.

కబురు తెచ్చిన మనిషి వెళ్ళిపోయాక పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. పార్టీ చెప్పినట్టు ఓటు వెయ్యకపోతే సభ్యత్వం పోతుందని, ఈ ప్రభుత్వపు ఇల్లు ఖాళీ చెయ్యాలని, కొట్టు వెనక గదుల్లోకి తిరిగి వెళ్ళాల్సి వస్తుందని ఒక్కొక్కటీ చెప్పింది. నీ పని కూడా పోతుంది, ఏమంటావ్ అని అడిగింది. బట్టలు సర్దడం ఇప్పుడే మొదలుపెట్టనా అని అడిగాను.

"వద్దు. అనుమానం వస్తుంది," అంది.

నాకు భయం వేసింది వేరే విషయానికి. ముఖ్యమంత్రి అయ్యాక బాబాయి కుర్చీ మారుతుంది, మొదటి వరుసలో మొదటి చోటుకు. కొత్త చోటు వెనక ఎవరు కూర్చోవాలో పార్టీ కార్యదర్శి పటం గీశాడు. అందులో పెద్దమ్మను మధ్య వరుసలో, మాట వినని ఇద్దరు ముగ్గురి మీద కన్నేసి ఉంచే ఒక గట్టి ఆడమనిషి పక్కన వేశాడు. ఆమె పక్కన ఉంటే పెద్దమ్మ చెయ్యి పట్టి లేపేస్తుంది, ఎవరూ చూడకముందే. సభ మొదలవడానికి కాస్త ముందు ఆ పటం బాబాయి చేతికి వెళ్ళింది. వరండాలో, మా కళ్ళముందే, ఆయన దాన్ని చూసి ముఖం చిట్లించాడు.

"మా వదిన నా వెనక ఉండాలయ్యా. ఆవిడ వెనక కూర్చున్నప్పటినుంచే నాకు కలిసొస్తోంది. ఇవాళేనా మార్చేది?"

కార్యదర్శి ఏదో చెప్పబోయాడు. బాబాయి పెన్ను తీసి తనే దిద్దాడు. పెద్దమ్మ వైపు తిరిగి, ఎప్పటిలాగే వదినా, నా వీపు చూస్తూ ఉండు అన్నాడు. ఎన్నాళ్ళనుంచో అదే చూస్తున్నాను మరిదీ అంది పెద్దమ్మ.

ఆ రోజు పై వరుసల్లో చోటు దొరకలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. బాబాయి చాలాసేపు మాట్లాడాడు. అన్నయ్య గురించి చెబుతూ గొంతు బొంగురుపోయేలా చేసుకున్నాడు. ఆ మహానుభావుడు చివరి ఊపిరిదాకా జనం మధ్యే నిలబడ్డాడు అన్నాడు. ఆయన వైపు వాళ్ళు బల్లలు చరిచారు. పెద్దమ్మ కూడా చరిచింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆమె చెయ్యి ఒక్కసారి పైకి లేచి, బల్లను తాకకుండా ఆగి, తర్వాత మెల్లగా తాకింది.

నోటిమాట ఓటింగుతో తేలలేదు. విశ్వాస తీర్మానాన్ని బలపరిచే సభ్యులు లేచి నిలబడాలని సభాపతి చెప్పాడు. బాబాయి అందరికంటే ముందు లేచాడు. ఆయన వెనక వరుసలు వరుసలుగా లేచాయి, కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు హాలంతా పాకింది. తల తిప్పి చూసే అవసరం ఆయనకు కలగలేదు. చేతులు బల్లమీద ఆనించి, అవతలి పక్షాన్ని చూస్తూ చిన్నగా నవ్వుతున్నాడు. ఆయన వీపు వెనక, నిలబడ్డ మనుషుల మధ్య, ఒక గుంటలాగా ఖాళీ కనిపించింది. ఆ ఖాళీలో పెద్దమ్మ కూర్చుని ఉంది.

హాలు మొత్తం ఆమెను చూసింది. ఆయనొక్కడే చూడలేదు.

లెక్కపెట్టే ఉద్యోగి మొదటి వరుస ముగించి రెండో వరుసకు వచ్చాడు. పెద్దమ్మ దగ్గర ఆగాడు. పాపం, ఆవిడకు అర్థం కాలేదనుకున్నట్టున్నాడు, వంగి, అమ్మా, ఇప్పుడు లేవాలండి అని మెల్లగా చెప్పాడు.

"తెలుసు బాబూ. నువ్వు నీ లెక్క చూసుకో," అంది పెద్దమ్మ.

అప్పుడు తిరిగాడు బాబాయి. ముఖంమీద నవ్వు అలాగే ఉంది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. కెమెరాలు ఉన్నాయని గుర్తుంది ఆయనకు. వదినకు ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు, ఎంతో ప్రేమగా, బల్లమీదుగా వంగి ఆమె మోచెయ్యి కింద చెయ్యి వేశాడు.

"లే వదినా. ఒక్క నిమిషం."

"చెయ్యి తియ్యి మరిదీ."

ఆమె ముందున్న మైకు ఆపలేదు. ఆ మాట హాలంతా వినపడింది. ఆయన చెయ్యి తియ్యలేదు, ఇంకాస్త బిగించాడు. నీ పదవి కూడా పోతుంది, తెలుసా అన్నాడు పళ్ళ మధ్యనుంచి. పెద్దమ్మ ఆయన ముఖంలోకి చూసింది. అన్నేళ్ళలో, ఆ హాల్లో, ఆమె ఆయన ముఖం చూడటం అదే మొదటిసారి అనుకుంటా.

"పోనీ. ఆ రోజు బండిలో మీ అన్నయ్య కాసేపు కూర్చుంటానన్నారు. నువ్వు ఇలాగే పట్టుకుని నిలబెట్టావు. నన్ను నిలబెట్టలేవు."

ఆయన చెయ్యి దానంతటదే జారింది. ఉద్యోగి ఆ వరుస లెక్క పైకి చెప్పాడు. తర్వాత వ్యతిరేకించేవాళ్ళు లేచారు. ముసలి లాయరు పెద్దమ్మ వైపే ఆశగా చూశాడు, ఈవిడ తమతో లేస్తుందేమోనని. పెద్దమ్మ అప్పుడూ లేవలేదు. ఆ పని వాళ్ళ కోసం చేసింది కాదు. ఒక్క తల తేడాతో తీర్మానం వీగిపోయింది. అవతలి వాళ్ళు బల్లలు చరుస్తూ అరుస్తుంటే, సభ వాయిదా పడే దాకా ఆమె కుర్చీ చేతుల మీద చేతులు పెట్టుకుని స్థిమితంగా కూర్చుంది. అలసిపోయి ఇంటికి వచ్చిన మనిషి కూర్చున్నట్టు.

బాబాయి కొత్త కుర్చీ పోయింది, పెద్దమ్మ సభ్యత్వం పోయింది. ఆ మాటలు ఊరూరా టీవీల్లో తిరిగాయి. పెదనాన్నను బండిమీద చూసినవాళ్ళు, ఆ చెయ్యి ఎందుకలా తేలిపోతున్నట్టు ఊగిందా అని తమకు అప్పుడే అనుమానం వచ్చిందని చెప్పుకోవడం మొదలుపెట్టారు. బాబాయి ఇంటి ముందు కార్లు పలచబడ్డాయి.

ఇల్లు ఖాళీ చేస్తున్న రోజు ఉదయం ఆయన వచ్చాడు. వెంట ఎవరూ లేరు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. గదిలో మూటలు, అట్టపెట్టెలు, బయట సామాన్ల బండి. పెద్దమ్మ మంచం అంచున కూర్చుని దుప్పట్లు మడతపెడుతోంది.

"బాబాయికి కుర్చీ వెయ్యవే," అంది నాతో.

మిగిలిన కుర్చీ ఒక్కటే, కొట్లోనుంచి ఆమె వెంట తెచ్చుకున్న ఆ చెక్క కుర్చీ. తెచ్చి ఆయన ముందు వేశాను. ఆయన దానివైపు చూడలేదు. మనసులో ఇంత పెట్టుకుని ఒక్క మాట చెప్పలేదేం వదినా, చెబితే నీ కాళ్ళు పట్టుకునేవాణ్ణి కదా అన్నాడు. అందుకే చెప్పలేదు అంది పెద్దమ్మ. ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నానని, పిల్లలు తనతో మాట్లాడటం లేదని చెప్పాడు. ఆమె దుప్పటి అంచులు కలుపుతూ విన్నది. ఆయన ఏడ్చాడు. ఈసారి అది నిజమో కాదో నాకు తెలియలేదు. పెద్దమ్మ తెలుసుకోవాలనుకున్నట్టు కూడా లేదు.

"అన్నయ్య కూర్చుంటానన్నది నాకు వినపడలేదు వదినా. మైకుల గోల, జనం గోల. వినపడి ఉంటే కూర్చోబెట్టనా? నా సొంత అన్నయ్య."

"వినపడింది."

"లేదు వదినా. ఒట్టు."

పెద్దమ్మ దుప్పటి ఒళ్ళో పెట్టుకుంది.

"వినపడకపోతే, 'ఇంకొక్క వీధి అన్నయ్యా' అని ఎవరితో అన్నావు?"

నేను కూడా ఆ మాట వినడం అప్పుడే. ఇన్నేళ్ళూ అది ఒక్కటి ఆమె తనలోనే దాచుకుంది.

బాబాయి ముఖంలో రక్తం లేదు. చెయ్యి చాపి కుర్చీ వీపు పట్టుకున్నాడు. మోకాళ్ళు వంగుతున్నాయి. కూర్చోవడానికి కుర్చీని తనవైపు తిప్పుకోబోయాడు.

"ఆ కుర్చీ బండిలో పెట్టించవే. అదొక్కటే మిగిలింది," అంది పెద్దమ్మ.

ఆయన నావైపు చూశాడు. చిన్నప్పుడు పండ్ల తొనలు ఒలిచి నా నోట్లో పెట్టిన మనిషి. పెద్దమ్మ మళ్ళీ చెప్పలేదు, ఇంకో దుప్పటి అందుకుంది. నేను వెళ్ళి కుర్చీ వీపు మీద ఉన్న ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి, కుర్చీ ఎత్తుకుని బయటికి నడిచాను.

బండివాడు దాన్ని అందుకుని, మూటల మీద తలకిందులుగా పెట్టి తాడు బిగించాడు. కిటికీలోంచి లోపలికి చూస్తే, ఖాళీ గది మధ్యలో, పట్టుకోవడానికి ఏమీ లేకుండా బాబాయి నిలబడే ఉన్నాడు.